పుస్తకమునకు చదివింపులు

గోవు, భూమి, విద్య అను మూడింటి దానమును పెద్దలు అతిదానములని పేర్కొనిరి. గోదానమననేమో, భూదానమననేమో భక్తులకు వివరింప నక్కరలేదు. విద్యాదానమనగా పాఠశాలకు బల్లలు కొని యిచ్చుట, పేద విద్యార్థికి రుసుము కట్టుట అని నేడు తలంచుచున్నాము. అవియు విద్యాదానములే. కాని పురాణములలోను, దానమును గూర్చిన నిబంధన గ్రంథములలోను ఆ మాటకు ప్రధానముగా కనిపించు అర్థము వేరు. పుస్తకమును వ్రాయించి, దానిని చదువువారికి అందునట్లు సమర్పించుటయే విద్యాదానము. 12వ శతాబ్దపు లక్ష్మీధరుని కృత్యకల్పతరువునందును, దేవగిరి యాదవరాజుల మంత్రియైన హేమాద్రి 13వ శతాబ్దమున కూర్చిన చతుర్వర్గచింతామణి దానఖండమునందును ఈ విధి సవిస్తరముగా నున్నది.

ఆ ప్రకరణమును చదివినపుడెల్ల నాకు ముచ్చట కలుగును. శుభదినమున మూలప్రతిని పీఠముపై నుంచి పూజింపవలెను. లేఖకుని సత్కరించి వ్రాత మొదలిడవలెను. అక్షరములు సమముగా, విడివిడిగా నుండవలెను. వ్రాసిన ప్రతిని మూలముతో సరిపోల్చి దిద్దవలెను. పిదప ఆ పుస్తకమును అలంకరించి, మంగళవాద్యములతో ఊరేగించి దేవాలయమునకు చేర్చి, అచట జనులకు వినిపింపవలెను. దిద్దుట యను మాటను పాఠకులు గమనింపగోరెదను. లేఖకునికి కూలి యిచ్చినంతమాత్రమున దానము ముగిసినదని శాస్త్రకారులు చెప్పలేదు. పాఠము సరియైనదా యని చూచుట, దానిని వినువారికి చేర్చుట కూడ ఆ దానములోనివే.

ఇంతటి కార్యమునకు ధనమెవరిది? పూర్వము రాజుది. మన చల్లపల్లికి సమీపముననే యున్న శ్రీకాకుళ క్షేత్రమున ఆంధ్రమహావిష్ణువు స్వప్నమున సాక్షాత్కరించి తెలుగున కావ్యము చెప్పుమని ఆనతిచ్చినట్లు శ్రీకృష్ణదేవరాయలు తన ఆముక్తమాల్యదలో చెప్పుకొనెను. అడిగినవాడు దేవుడు, వ్రాసినవాడు రాజు. ఆ పుస్తకమునకు చందాల పుస్తకము పట్టుకొని తిరుగవలసిన అవస్థ కలుగలేదు. రాజు కాని కవి తన కృతిని రాజునకో, మంత్రికో, శ్రీమంతుడగు వర్తకునకో అంకితమిచ్చెడివాడు. కృతి కన్యయనియు, అంకితము పుచ్చుకొన్నవాడు కృతిపతి యనియు సంప్రదాయము. తిరుపతి వేంకట కవులు సంస్థానములు తిరిగి చేసిన కవిత్వమున ఒక కృతికి నానారాజ సందర్శనమనియే పేరు. దేవరకోట జమీందారుల కోట నేటికిని మా ఊరి నడుమ నున్నది. కాని 1948 నాటి ఎస్టేట్ల రద్దు చట్టముతో సంస్థానములు పోయినవి. పండితుడు గుమ్మము ముందు నిలుచుటకు ఆ గుమ్మములు లేవు.

సంస్థానములు పోకముందే మరియొక త్రోవ చూపినవారు కృష్ణా జిల్లాలోనే పుట్టిరి. తిరుపతమ్మవారి దర్శనమునకు పెనుగంచిప్రోలు వెళ్లు యాత్రికులలో ఎందరికి తెలియునో కాని, కొమర్రాజు లక్ష్మణరావుగారు 1877లో ఆ ఊరిలోనే జన్మించిరి. వారు, గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారు, రావిచెట్టు రంగారావుగారు, అయ్యదేవర కాళేశ్వరరావుగారు మొదలగువారు కలిసి 1906లో హైదరాబాదున విజ్ఞానచంద్రికా గ్రంథమండలిని నెలకొల్పిరి. తరువాత అది మద్రాసునకు తరలినది. చరిత్రములు, శాస్త్రములు, జీవితచరిత్రలు తెలుగున వెలువరించుట వారి సంకల్పము. మునగాల రాజావారి ఆదరము కొమర్రాజువారికి ఉండెను. అయినను మండలి కేవలము రాజాశ్రయముపై నడువలేదు. చందాదారులుగా పేరు నమోదు చేయించుకొన్నవారికి గ్రంథములను తగ్గింపు వెలకు పంపు పద్ధతిని అవలంబించిరి. బడిపంతుళ్లు, గుమాస్తాలు, ప్లీడర్లు, పల్లెటూరి రైతులు ఇట్టి గ్రంథమాలలకు చందాదారులైరి. చిలుకూరి వీరభద్రరావుగారి ఆంధ్రుల చరిత్రము వంటి గ్రంథము అట్లు వెలుగు చూచినది.

ఇచ్చట ఒక మాట. చందా యను పదము పారసీనుండి వచ్చినది. కొన్ని, కొంత అను అర్థముగల 'చంద్' దానికి మూలము. తలా కొంత అని భావము. చందాకును విరాళమునకును భేదమున్నది. చందాదారు ముందే వెల చెల్లించిన పాఠకుడు, అతనికి మనము పుస్తకము బాకీ. విరాళమిచ్చిన దాత ప్రతిఫలము కోరడు, అతనికి లెక్క బాకీ. ఇరువురికిని కలిపి బాకీపడినది మరియొకటి కలదు. పనిని పూర్తి చేయుట.

ఆ మూడవ బాకీ ఎంత కష్టమైనదో కొమర్రాజువారి జీవితమే సాక్ష్యము. ఆయన ఆంధ్ర విజ్ఞాన సర్వస్వమను మహాకార్యమునకు పూనుకొనిరి. అకారాదిగా తెలుగున సమస్త విషయములను వివరింపవలెనని సంకల్పము. మూడు సంపుటములు వెలువడినవి. ఆ మూడును అకారముతోనే సరిపోయినవి. 1923లో, 46వ యేట, ఆయన కన్నుమూసిరి. పామర్రు దగ్గరి ఎలకుర్రులో పుట్టిన కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు, అమృతాంజనముతో ఆర్జించిన ధనమును ఆంధ్రపత్రికకును ఆంధ్ర గ్రంథమాలకును ధారపోసిన ఆ మహనీయులు, 1930లలో ఈ పనిని మరల చేపట్టిరి. 1938లో వారును పరమపదించిరి. పని మరల నిలిచినది. 1947లో ఏర్పడిన తెలుగు భాషా సమితి విజ్ఞాన సర్వస్వమును మరియొక రూపమున, విషయముల వారీగా సంపుటములు చేసి, వెలువరించినది. ఇందులో ఎవరి దోషమును లేదు. ఒక్క జీవితము చాలని పనిని ఒక్క జీవితముపై నిలిపినచో జరుగునది ఇట్లే యుండును.

ఇదే సమస్యను కలకత్తాలో మరియొకరు ఎట్లు ఎదుర్కొనిరో చూడుడు. ప్రతాపచంద్ర రాయ్ పేదకుటుంబమున పుట్టి పుస్తకముల వ్యాపారము చేసి నిలద్రొక్కుకొన్నవాడు. వంగభాషలో మహాభారతమును ముద్రించి ఉచితముగా పంచుటకు దాతవ్య భారత కార్యాలయమను సంస్థను స్థాపించెను. 1883లో సంపూర్ణ భారతమునకు ఆంగ్లానువాదమును భాగములు భాగములుగా ప్రకటింప నారంభించెను. ధనమునకై దేశమంతట తిరిగెను. రాజులు, ప్రభుత్వోద్యోగులు, సామాన్యులు ఇచ్చిరి. అనువాదము చేసినవాడు కిశోరీమోహన్ గంగూలీ. కాని పుస్తకముపై చాలకాలము అనువాదకుని పేరు వేయలేదు. ఇంతటి పని ఒక్కని చేతిమీదుగా ముగియునన్న నమ్మకము మొదట లేదు, పలువురు చేయి వేయవలసి వచ్చునని తలంచి పేరు ప్రకటింపలేదు. చివరకు గంగూలీ ఒక్కడే పూర్తి చేసెను. రాయ్ మాత్రము 1895లో మరణించెను. అప్పటికి పని ముగియలేదు, చేతిలో ధనమును లేదు. ఆయన భార్య సుందరీబాల రాయ్ ఆ భారమును తలకెత్తుకొని 1896లో ముగింపించెను. మహాభారతమును ఆంగ్లమున చదువ గోరువారు నేటికిని ఆ పుస్తకమునే ఆశ్రయించుచున్నారు. చదువువారిలో ఆ సాధ్వి పేరు తెలిసినవారు తక్కువ.

పూనాలోని భండార్కర్ ప్రాచ్యవిద్యా సంస్థ భారత సంశోధిత ప్రతికి 1919లో పూనుకొని 1966లో ముగించినది. ఔంధ్ సంస్థానాధీశుడు లక్ష రూపాయలు వాగ్దానము చేసెను. హైదరాబాదు నిజాము ప్రభుత్వమును ధనసహాయము చేసినది. ప్రధాన సంపాదకుడు సుక్తంకర్ 1943లో మరణించెను, ఆయన స్థానమున బేల్వల్కర్, తరువాత పి.ఎల్. వైద్య నిలిచిరి. మనుష్యులు మారినను పీఠము మారలేదు కనుక 47 ఏండ్లకు భారతము గట్టెక్కినది.

నేటి యువకులు దీనినంతయు ఫోనుమీదనే చేయుచున్నారు. మా మనుమడు చూపగా తెలిసినది, దీనిని క్రౌడ్ ఫండింగ్ అందురట. అమెరికాలో 2009లో మొదలైన కిక్‌స్టార్టర్ అను సంస్థ నియమమొకటి నాకు మిక్కిలి నచ్చినది. ఫలానా పనికి ఇంత కావలెనని, ఇన్ని దినముల గడువని ముందే చెప్పవలెను. ఆ మొత్తము చేరనిచో ఎవ్వరి పైకమును తీసికొనరు. సగము ధనముతో సగము గోపురము కట్టి చేతులెత్తుట కన్న ఇది నయము.

ఈ విషయమును ఇంత విపులముగా వ్రాయుటకు కారణమున్నది. మా గురువుగారు భాగవత దశమస్కంధమునకు తెలుగున ఒక వ్యాఖ్య వ్రాసి యుంచిరి. 14 నోటుపుస్తకములు. ధనుర్మాసములలో ఆలయమండపమున చెప్పిన పురాణమునకు వారు స్వయముగా సిద్ధము చేసికొన్న వ్రాత అది. మేము విద్యార్థులము క్రింద కూర్చుండి వింటిమి. అన్వయము, వ్యాకరణ విశేషములు, పాఠాంతరముల చర్చ, నడుమనడుమ మా దివిసీమ పలుకుబడిలో చమత్కారములు అందులో నున్నవి. వారి కుమారుడు వానిని ఇనుపపెట్టెలో అటకమీద దాచెను. 1977 నవంబరు 19 నాటి ఉప్పెనలో దివిసీమ ఏమైనదో మా వయసువారు మరువరు. ఆ రాత్రి గాలికి ఇంటికప్పు లేచిపోయినను పెట్టె నిలిచినది, లోనికి నీరు మాత్రము చేరినది. సిరా అలుముకొన్నది. కాగితము నేడు మడత పెట్టిన చోటనెల్ల విరుగుచున్నది.

ఈ వ్యాఖ్యను ముద్రింపవలెనని మూడేండ్ల క్రిందట నేనును నా సహాధ్యాయియు సంకల్పించితిమి. ముద్రణ మొత్తమును భరించెదనని ఒక శ్రీమంతుడు ముందుకు వచ్చెను. తన తండ్రిగారి ఛాయాచిత్రము ముఖపత్రముపై నుండవలెనని కోరెను. లోపలి పుటలో వేయుదుమంటిమి. ఆయన సమ్మతింపలేదు. దాతలను నొప్పించుట నా అభిప్రాయము కాదు, పితృభక్తి గొప్పది. అయినను భాగవతపు ముఖపత్రముపై కృష్ణుడే యుండవలెను. ఆయన తప్పుకొనెను. అప్పుడు పదిమందిని అడుగుదమనుకొంటిమి.

మా ఊరికి ఇది క్రొత్త కాదు. 2014 నవంబరు నుండి చల్లపల్లి వీధులను తెల్లవారుజామున స్వచ్ఛందముగా ఊడ్చుచు, చెట్లు నాటుచున్న కార్యకర్తలను యాత్రికులు చూచియే యుందురు. ఊరు ఊరి పని చేసికొనగలదని వారు చూపిరి. మేము గుడిముందు టెంకాయలమ్మువారిని, దర్జీని, బ్యాంకి ఉద్యోగులను, కోడూరు, అవనిగడ్డలలోని పాతవిద్యార్థులను, బెంగుళూరునను అమెరికాలోను ఉన్న మా ఊరి పిల్లలను అడిగితిమి. 50 రూపాయలిచ్చినవారును కలరు. అడుగుటకు ముందే కొన్ని కట్టుబాట్లు వ్రాసికొంటిమి. సాఫుప్రతి సిద్ధము కాని భాగమునకు పైకము పుచ్చుకొనరాదు. పైకము మా చేతిలో ఉండరాదు, ట్రస్టు ఖాతాలోనే పడవలెను. వ్యయమును ప్రతి నెల కార్యాలయపు బోర్డుపై అంటింపవలెను. మిగిలినది ఈ గ్రంథపు తదుపరి సంపుటమునకే చెందవలెను. ఒక సంకల్పమునకు ఇచ్చిన ద్రవ్యమును, దాత అనుమతి లేక, ఎంత మంచి పనికైనను మళ్లింపరాదు.

ముద్రణాలయపు లెక్కలు తెలియనివారికి ఒక రహస్యము చెప్పెదను. పుస్తకమునకు వ్యయము రెండు విధములు. డి.టి.పి., ప్రూఫులు, ముఖచిత్రము, పుట అమరిక, వీనికగు వ్యయము 300 ప్రతులకైనను 1,000 ప్రతులకైనను ఒక్కటే. కాగితము, అచ్చు, బైండింగు ప్రతులనుబట్టి పెరుగును. కావున ఎక్కువ ప్రతులు వేసినచో ఒక్కొక్కదాని వెల తగ్గునని ముద్రాపకుడు చెప్పును. అది నిజమే. కాని అమ్ముడుపోని ప్రతులు ఎవరి ఇంటి అటకమీద పడియుండునో ఆయన చెప్పడు. ఎన్ని ఫారములు, ఎంత మందము కాగితము, కుట్టుబైండింగా జిగురుబైండింగా అని అడిగి వ్రాయించుకొనక అడ్వాన్సు ఇయ్యరాదు. నిత్యము తిరుగవేయు పుస్తకమునకు కుట్టుబైండింగే తగినది. సంస్కృతశ్లోకములను తెలుగు లిపిలో కూర్చునపుడు ఒత్తులు తారుమారగును, విసర్గలు మాయమగును, ఫాంటు మార్చినపుడు దిద్దినవి మరల చెడును. మా మొదటి తొమ్మిది నోటుపుస్తకములకు నాలుగు మారులు ప్రూఫులు చూడవలసి వచ్చినది.

ఇక పేర్ల సంగతి. ఇంగ్లండున 1715 నుండి పోప్ కవి హోమరు ఇలియడ్ కావ్యానువాదమును చందాలతోనే ప్రకటించెను. సంపుటమునకు ఒక గినీ. చందాదారుల పేర్లను పుస్తకము ముందు అచ్చువేసెను. మన దేశమున దీనికి శిలాఫలకములున్నవి. ద్రాక్షారామము మొదలగు క్షేత్రములలోని శాసనములను చూచినవారికి తెలియును. అఖండదీపమునకు ఇన్ని గొఱ్ఱెలు ఫలానావారు ఇచ్చిరని చెప్పి ఊరకొనక, ఆ గొఱ్ఱెలను పుచ్చుకొని నిత్యము నేయి పోయవలసిన బోయ పేరును చెక్కుదురు. దాత కీర్తి సగము, బాధ్యుని పేరు సగము. మా పుస్తకమునను అట్లే వేయుచున్నాము. ఇచ్చినవారి పేర్లు మొత్తములు లేక అకారాదిగా ఉండును. వారి క్రింద ప్రతిని వ్రాసినవారు, దిద్దినవారు, లెక్క చూచినవారు ఎవరో ఉండును. తప్పు దొర్లినచో ఎవరిని అడుగవలెనో పాఠకునికి తెలియవలెను గదా.

ఒక మిత్రుడు నన్ను పరిహాసమాడెను. "శాస్త్రిగారూ, కృతి కన్య యందురు. ఈ కన్యకు ఇంతమంది పతులా?" అనెను. కారని చెప్పితిని. కృతిపతి కృష్ణుడే. వీరందరును పెండ్లికి వచ్చిన బంధువులు. మన పెండ్లిళ్లలో ఒక మూల పట్టీ పట్టుకొని కూర్చుండువాడు ఉండును, వచ్చినవారు తలా కొంత చదివించి పోదురు. ఇది ఆ చదివింపుల పట్టీయే. వధువు ఇల్లు చక్కబడినదా యని తరువాత అడుగు హక్కు చదివించినవారికి ఉండును. పుస్తకమునకైతే ఆ మాట మరింత సరిపోవును, చదివింపులు ఇచ్చినది చదివించుటకే.

వెల పెట్టవలెనా, ఉచితముగా పంచవలెనా యని మాలో చాల తర్కము జరిగినది. ప్రతాపచంద్ర రాయ్ ఉచితముగా నిచ్చెను, పంతులుగారు చౌకగా నిచ్చిరి. ఉచితముగా వచ్చిన పుస్తకము పూజామందిరమున పసుపు పూసికొని కదలక కూర్చుండుట నేను చూచితిని. కావున కాగితపు ఖరీదునకు సరిపడు వెల పెట్టుట మేలని నా నిశ్చయము. వేదపాఠశాలలకు, గ్రంథాలయములకు మాత్రము ఊరకనే పంపెదము. 1954 నాటి పుస్తకముల అప్పగింత చట్టము ప్రకారము ప్రచురణకర్త ప్రతి పుస్తకమును కలకత్తా జాతీయ గ్రంథాలయమునకును, చెన్నపట్టణము కన్నెమరా మొదలగు మరి మూడింటికిని తన వ్యయముతో పంపవలెను. చిన్న ప్రచురణకర్తలలో దీనిని పాటింపనివారు కలరు. పదిమంది సొమ్ముతో అచ్చైన గ్రంథము మన ఊరిలో ప్రతులన్నియు చెదలపాలైనను ఎచ్చటనో ఒకచోట నిలిచియుండుటకు అది చవకయైన ఉపాయము.

మొదటి తొమ్మిది నోటుపుస్తకములు మొదటి సంపుటముగా ముద్రణకు పోయినవి. అనుకొన్న మొత్తము పూర్తిగా చేరకపోవుటచే గ్రంథమును రెండు సంపుటములు చేసితిమి. రెండవదానికి ఇంకను పైకమడుగుట లేదు. గత మార్గశిరమున నా సహాధ్యాయి స్వర్గస్థుడయ్యెను. పాఠములు సరిపోల్చుటకు నాకు మిగిలిన రెండవ జత కన్నులు ఆయనవి. నాకు 76 ఏండ్లు. ట్రస్టువారు సంస్కృతము చదివిన ఇద్దరు యువకులను నాతో కూర్చుండబెట్టిరి. గురువుగారి దస్తూరిని, వారి సంకేతములను ఆ పిల్లలకు నేర్పుచున్నాను. ఉదయము ఒకరు చదువుదురు, ఒకరు వ్రాయుదురు, నేను విందును. నేను లేని రోజున కూడ ఆ పని నడువవలెనని వారికి చెప్పి యుంచితిని. ఈ మాసమున నాకు జ్వరము వచ్చిన నాలుగు దినములు నడిపిరి.

పదవ నోటుపుస్తకమున గోపికాగీతల చోట మూడు పుటలు ఉప్పెననీటికి పూర్తిగా చెడినవి. సిరాజాడ యైనను కానరాదు. ఆ రోజులలో మండపమున గురువుగారి పురాణము విని తమకై వ్రాసికొన్నవారు, లేక అట్టి తండ్రితాతల కాగితములు ఇంట నున్నవారు, చిరిగినవైనను ఆలయ కార్యాలయమునకు తెచ్చి చూపగోరెదను. అచ్చటనే ప్రతి తీసికొని కాగితములు వెంటనే తిరిగి ఇత్తుము. మధ్యాహ్నము మూడు గంటల నుండి ఐదు గంటల వరకు నేను అక్కడనే యుందును.